వేసవి దాకా ఆగని పిట్ట

శుక్రవారం, మీరా మెసా

విమానం దిగి, శాన్ డియాగోలో మీరా మెసా అనే పేటలో ఉన్న చెల్లెలి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. కారులోంచి పెట్టెలు దించుతుంటే ఎదురింటి కప్పు మీద ఒక పక్షి గొంతెత్తి పాడుతోంది. ఒక కూతను మూడు నాలుగు సార్లు పలికి ఇంకో కూతకు మారుతోంది, అక్కడి నుంచి మరొకదానికి. అది మాకింగ్‌బర్డ్. జత కుదరని మగపక్షులు గూళ్ల కాలంలో రాత్రిళ్లు కూడా పాడతాయి. పక్కన వీధి దీపం ఉంటే మరీను. “పక్షం రోజులుగా ఇదే వరస, బావగారూ” అన్నారు చెల్లెలి భర్త.

ఇది మార్చి మొదటి వారం. అమెరికాలో సగం రాష్ట్రాల్లో ఇంకా మంచు కరగలేదు. కాలిఫోర్నియా దక్షిణపు కొసన ఉన్న శాన్ డియాగో ఊళ్లో మాత్రం గూళ్లు అప్పుడే మొదలయ్యాయి. ఇక్కడి విశ్వవిద్యాలయం ఆవరణలో ఉండే జుంకో అనే చిన్న పిట్టను చూడాలని నాకు ఏళ్లుగా కోరిక. కొండల మీద దాని బంధువులు మే నెల నడిమిదాకా గుడ్ల జోలికే పోవు. ఆవరణలో ఉండేది ఫిబ్రవరిలోనే గూడు మొదలుపెడుతుంది.

శనివారం, విశ్వవిద్యాలయం ఆవరణ

మేనకోడలు ఇక్కడే చదువుతోంది. నోబెల్ డ్రైవ్ స్టేషన్‌లో కారు వదిలి, ఇద్దరం ట్రాలీ ఎక్కాం. 2021 నవంబరులో ఈ రైలు మార్గాన్ని విశ్వవిద్యాలయం దాకా పొడిగించారు. దిగి పది నిమిషాలు నడిస్తే గైజెల్ గ్రంథాలయం. కాంక్రీటు దూలాల మీద నిలబెట్టిన ఆ కట్టడాన్ని ఫొటో తీసుకోవడానికి జనం ఆగుతున్నారు. మేం దాన్ని దాటుకుని యూకలిప్టస్ తోపు అంచుకు వెళ్లాం. కింద ఆకుల గలగల, పైన ఒక్క తీరుగా సాగే సన్నని వణుకు కూత, అదే ట్రిల్లు. గొంతు పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు.

జుంకో మన పిచ్చుకంత ఉంటుంది. మగదాని తల, మెడ నలుపు, వీపు గోధుమ రంగు, ముక్కు లేత గులాబీ. తోకకు రెండు అంచుల ఈకలు తెల్లనివి. నేల మీద గింజలేరుకుంటున్నంతసేపూ ఆ తెలుపు దాగి ఉంటుంది, లేచి ఎగిరితే ఒక్కసారి మెరుస్తుంది. దీపస్తంభం మీద పాడుతున్న మగదాని కాళ్లకు రంగు ఉంగరాలున్నాయి. ఏ పిట్ట ఏదో గుర్తుపట్టడానికి పరిశోధకులు వేసినవి అవి.

గూడు మేనకోడలి కంటపడింది. తరగతి గదుల భవనం మొదటి అంతస్తు వరండాలో పొడవాటి కాంక్రీటు తొట్టి, దాన్నిండా ఐవీ తీగ. ఆడపిట్ట ముక్కున ఒక ఎండుగడ్డి పోచ, దాంతో పాటు ఎవరిదో పొడవాటి వెంట్రుక. కమ్మీ మీద వాలి అటు చూసింది, ఇటు చూసింది. తొట్టి అంచుకు దూకింది. అక్కడ మళ్లీ ఆగింది. తరవాత ఆకుల్లోకి జారిపోయింది. ఆకులు కదులుతుండడం మాత్రం మాకు కనిపిస్తోంది. లోపల రొమ్ముతో అదుముతూ, చుట్టూ తిరుగుతూ గిన్నె ఆకారం తెస్తోందన్నమాట. రెండు నిమిషాలకు ఖాళీ ముక్కుతో బయటికి వచ్చి నేరుగా పచ్చికలోకి ఎగిరింది. ఈలోగా కాఫీ కప్పులు పట్టుకున్న విద్యార్థులు తొట్టికి బారెడు దూరంలో నడిచిపోయారు. పిట్ట వాళ్లను పట్టించుకోలేదు.

“మామయ్యా, రోజూ నేను ఈ దారిలోనే క్లాసుకు వెళ్తాను” అంది మేనకోడలు. ఆ మాట అని, కాసేపు ఏమీ మాట్లాడకుండా తొట్టి వైపే చూసింది.

కొండల మీద జుంకోలు నేల మీద, గడ్డి దుబ్బు చాటునో రాతి అంచు కిందో గూడు కడతాయి. ఇక్కడ నేల మీద కట్టేవీ ఉన్నాయి, చెట్ల మీదా తొట్లలోనూ భవనాల అంచుల మీదా కట్టేవీ ఉన్నాయి. ఈ ఆవరణలో అవి స్థిరపడింది 1980ల మొదట్లోనే. అంతకుముందు తీరం వెంట ఇవి చలికాలపు అతిథులు మాత్రమే. పమేలా యే అనే శాస్త్రవేత్త పరిశోధక విద్యార్థినిగా ఇక్కడి పిట్టల వెంట తిరిగారు. ఆవిడ, ట్రెవర్ ప్రైస్ కలిసి 2004లో ప్రచురించిన పరిశోధన నన్ను ఇంత దూరం రప్పించింది. కొండల మీద గూళ్ల కాలం మే నడిమి నుంచి జులై దాకా. ఆవరణలో ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా. కొండ జంట ఏడాదికి ఒకటి రెండు విడతలు పిల్లల్ని లేపితే, ఇక్కడి జంట నాలుగు విడతల దాకా ప్రయత్నిస్తుంది. ఆ అదనపు నెలలు లేకపోతే ఈ చిన్న గుంపు నిలదొక్కుకునేదే కాదని వారి లెక్క తేల్చింది. కొత్త చోటికి వచ్చిన పిట్ట బతకడానికి కొత్త జన్యువులు పుట్టేదాకా ఆగలేదు. ఉన్న ఒంటితోనే కాలాన్ని సాగదీసుకుంది.

మధ్యాహ్నం పచ్చిక మీద ఇంకో గుంపు దిగింది. ఇవీ జుంకోలే, కాళ్లకు ఉంగరాలు లేవు, పాట లేదు. ఉత్తరాది నుంచి చలికాలం గడపడానికి వచ్చినవి ఇలా గుంపులుగానే తిరుగుతాయి. కొన్ని వారాల్లో వెళ్లిపోయి, వాటి దేశంలో వేసవి వచ్చాక గూళ్లు కడతాయి. అదే పచ్చిక, అదే గింజలు, అదే సూర్యుడు. ఒక పిట్ట గూటికి గడ్డి మోస్తోంది, పక్కనున్న పిట్ట ప్రయాణానికి కొవ్వు కూడబెడుతోంది. ఆ దృశ్యం ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఆదివారం, లగునా పర్వతాలు

తెల్లవారకముందే బయలుదేరాం. ఎనిమిదో నంబరు హైవే మీద తూర్పుకు వెళ్లి, సన్‌రైజ్ హైవే మలుపు తీసుకుంటే ఇక ఎక్కడమే. పొదలు పోయి ఓక్ చెట్లు వచ్చాయి, ఓక్ చెట్ల మధ్య జెఫ్రీ పైన్లు మొదలయ్యాయి. పైకి చేరేసరికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. విశ్వవిద్యాలయానికి ఇది సుమారు డెబ్బై కిలోమీటర్లు. రోడ్డు పక్కన మంచు ఉంది. ఊళ్లో పొట్టి చేతుల చొక్కాతో తిరిగిన మేనకోడలు ఇక్కడ నా శాలువా కూడా కప్పుకుంది.

ఒక పైను మానుకు బెరడంతా వరసగా రంధ్రాలు, ప్రతి రంధ్రంలో ఒక ఓక్ కాయ బిగించి ఉంది. ఏకార్న్ వడ్రంగిపిట్టల ధాన్యాగారం అది. కాసేపు చూసి ముందుకు నడిచాం.

జుంకోలు మైదానం అంచున కనిపించాయి. మంచు కరిగిన చోట పైను సూదుల మధ్య గింజలేరుకుంటూ ఇరవై దాకా ఉన్నాయి. మేం ముప్ఫై అడుగుల దూరంలో ఉండగానే గుంపంతా లేచింది. తెల్లటి తోక అంచులన్నీ ఒక్కసారి మెరిశాయి. నిన్న బారెడు దూరంలో మనుషులు నడిచినా కదలని పిట్టకు ఇవి రక్త బంధువులు! ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ ఆట్‌వెల్, ఎలెన్ కెటర్సన్ బృందం ఈ తేడానే పరీక్షించింది. రెండు చోట్ల నుంచీ పిల్లపిట్టలను తెచ్చి ఒకే చోట, ఒకే తీరుగా పెంచారు. పెద్దయ్యాక కూడా ఆవరణ పిట్టలకు తెగువ ఎక్కువగానే ఉంది, భయపడినప్పుడు ఒంట్లో ఊరే ఒత్తిడి హార్మోను తక్కువగానే ఉంది. అంటే ఆ గుణం కొంతవరకు రక్తంలోకే ఎక్కిందన్నమాట. 2012లో ఈ ఫలితం ప్రచురించారు.

తోక తెలుపు సంగతి ఇంకా ఆశ్చర్యం. మగపిట్టలు ఒకదానినొకటి బెదిరించడానికీ, ఆడపిట్టను ఆకట్టుకోవడానికీ ఆ తెలుపును విప్పి చూపిస్తాయి. ఆవరణలో కొన్ని తరాల్లోనే ఆ తెలుపు దాదాపు అయిదో వంతు తగ్గింది. గూళ్ల కాలం రెండు నెలలే అయినచోట ఎవరు ముందు జత కుదుర్చుకుంటే వాళ్లదే ఏడాది. ఆర్భాటానికి విలువ ఉంటుంది. కాలం ఆరేడు నెలలకు సాగినచోట, పోట్లాటలో గెలిచే మగపిట్ట కన్నా నోట పురుగు కరుచుకొచ్చి పిల్లలకు పెట్టే మగపిట్టకే వంశం నిలుస్తుందని పరిశోధకుల అభిప్రాయం. గూడు కట్టే నెల మారితే ఈక రంగు దాకా మార్పు పాకింది. ఈ పిట్ట గురించి నేను చదివినవాటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన విషయం ఇదే.

మంచు కప్పిన ఆ నేల చూస్తే కొండ పిట్ట ఎందుకు ఆగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అది గూడు కట్టేది నేల మీద. ఆ నేల ఇంకా బయటపడనే లేదు, పురుగు పుట్టనే లేదు. ఎడారి వైపు లోయ అంచున నిలబడి ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి, చీకటి పడకముందే దిగివచ్చాం.

సోమవారం, ఇంట్లోనే

రోజంతా వాన. ఇక్కడ వానలు చలికాలంలోనే పడతాయి, వేసవి పొడిగా గడుస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా కొండలు పచ్చగా ఉండి, జూన్ నాటికి ఎండిపోతాయి. ఈ ఊరి పక్షులకు చలికాలమే ఒక రకంగా వసంతం.

ఇది నాకు కొత్త సంగతి కాదు. మా నెల్లూరు వైపు, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండాక, అక్టోబరు తరవాత గూళ్లు కడతాయి. నీళ్లలో నిలిచిన చెట్ల మీద చలికాలమంతా పిల్లల అరుపులే. చెరువు నిండని ఏడు అవి ఆగుతాయి, లేదా మానేస్తాయి. గిజిగాడు నైరుతి వానలకు పచ్చగడ్డి లేచేదాకా ఆగుతాడు. కాకి వానలకు ముందే, ఎండల్లో గూడు కట్టుకుంటుంది. హైదరాబాదు పావురాలకు నెలలతో పనే లేదు. గొంతులో ఊరే పాలతో పిల్లల్ని సాకుతాయి కాబట్టి పురుగుల కాలం కోసం చూడవు, మనుషులు వేసే గింజలు ఏడాది పొడుగునా ఉంటాయి.

భోజనాల దగ్గర బావగారి స్నేహితుడొకరు, “వాతావరణం పాడైపోయి పక్షులకు మతి తప్పింది, అందుకే ఫిబ్రవరిలో గుడ్లు పెడుతున్నాయి” అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆవరణ జుంకో మతి తప్పి గూడు కట్టడం లేదు. తీరపు వెచ్చదనం, రోజూ తడిపే పచ్చిక, అందులో దొరికే పురుగు కలిసి పిల్లల్ని బతికించుకోవచ్చని చెబితే ఆ మాట విని కడుతోంది. ఆ మాట నిజం కూడా. అబద్ధం చెప్పేవి దీపాలు.

దీపం పక్షి ఒంటిని మోసం చేయగలదన్న సంగతి మొదట బయటపెట్టింది కూడా జుంకోయే! 1924 శరత్కాలంలో కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ అనే ఆచార్యుడు జుంకోలను పట్టి ఆరుబయట పంజరాల్లో పెట్టాడు. కొన్ని పంజరాల్లో సాయంత్రం బల్బు వెలిగించి, రోజుకు కొన్ని నిమిషాల చొప్పున పగటిని పొడిగిస్తూ పోయాడు. బయట గడ్డకట్టే చలి. అయినా నడి చలికాలానికి ఆ పిట్టల వృషణాలు వసంతంలో పెరిగినట్టు పెరిగాయి. దీపం లేని పంజరాల్లో పిట్టలకు అలా జరగలేదు. పక్షి ఒళ్లు చలిని కాక పగటి నిడివిని కొలుస్తుందని అలా తేలింది. 1925లో అది అచ్చయింది.

మన వీధుల్లో ఇప్పుడు అదే ప్రయోగం తలుపులు లేని పంజరంలో నడుస్తోంది. వియన్నా శివార్లలో వీధి దీపాలకు దగ్గరగా గూడు కట్టిన బ్లూ టిట్ ఆడపక్షులు సగటున ఒకటిన్నర రోజు ముందే గుడ్లు పెట్టాయని 2010లో తేలింది. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ వారు బ్లాక్‌బర్డ్‌లకు రాత్రంతా 0.3 లక్స్ వెలుతురు, అంటే నిండు పున్నమి వెన్నెలంత మాత్రం, చూపించి పెంచారు. వాటి ఒళ్లు దాదాపు నెల ముందే సంతానానికి సిద్ధమైంది. పురుగు పుట్టే రోజును దీపం ముందుకు జరపలేదు. పక్షి ఒంటిని మాత్రం జరిపింది. శాన్ డియాగో జుంకోను చూసి నాకు కలిగిన ఆనందం ఆ బ్లాక్‌బర్డ్‌ల దగ్గర ఆందోళనగా మారుతుంది. గూడు ఎప్పుడు కట్టిందన్న దానితోపాటు, ఆ పక్షిని పిలిచింది తిండా దీపమా అన్నది కూడా అడగాలి. ఈ మాట భోజనాల దగ్గర కాస్త గట్టిగానే అన్నాను.

మంగళవారం, లాస్ ఏంజెలెస్

సొలానా బీచ్‌లో పసిఫిక్ సర్ఫ్‌లైనర్ రైలెక్కాను. శాన్ క్లెమెంటె దగ్గర పట్టాలకూ అలలకూ మధ్య ఇసుక తప్ప ఏమీ లేదు. యూనియన్ స్టేషన్‌లో దిగి యూసీఎల్‌ఏ, అంటే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, చేరడానికి ఇంకో గంట పైనే పట్టింది.

పమేలా యే ఇప్పుడు ఇక్కడి ఆచార్యురాలు. ఈ ఆవరణలోనూ జుంకోలు స్థిరపడ్డాయి. భోజనశాల బల్లల కింద అవి రొట్టె ముక్కలేరుకోవడం చూశాను. శాన్ డియాగోలో కన్నా ఇక్కడ ఇంకా చేరువగా వస్తాయి. ఒకటి నా చెప్పు పక్కకే వచ్చింది. కోవిడ్ రోజుల్లో విద్యార్థులు వెళ్లిపోయి బల్లలు ఖాళీ అయిన తరవాత పుట్టిన పిట్టల ముక్కులు అడవి జుంకోల ముక్కు ఆకారం వైపు మళ్లాయనీ, జనం తిరిగి వచ్చాక మళ్లీ ఊరి పిట్టల ముక్కులకే వచ్చాయనీ ఈ బృందం గమనించింది. మనం ఉండడం, ఉండకపోవడం కూడా ఈ పిట్టకు వాతావరణమే.

ఒక మెట్ల దారి పక్కన మగపిట్ట పాడుతుంటే, పనివాళ్లు ఆకులు ఊడ్చే యంత్రం నడుపుతున్నారు. ఆ మోతలో కింది స్వరాలు మునిగిపోతాయి. శాన్ డియాగో ఆవరణ జుంకోల పాటలో అట్టడుగు స్వరం కొండ పిట్టల కన్నా కాస్త పైన ఉంటుందని 2007లో కొలిచి చెప్పారు. ఆ సన్నని ట్రిల్లు మోతను దాటి నా దాకా వచ్చింది.

బుధవారం, మీరా మెసా

తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుంటే చెల్లెలు ఒక కాగితం చూపించింది. వాళ్ల కాలనీ సంఘం నోటీసు: వీధి చెట్ల కొమ్మలు ఈ వారం కొట్టిస్తారు. 

ఇంటి ముందు వీధి చెట్టు దగ్గరికి వెళ్లి చూస్తే, తలకు రెండడుగుల ఎత్తున సన్నని కొమ్మ మీద అన్నా హమ్మింగ్‌బర్డ్ గూడు. సగం నిమ్మకాయంత ఉంది. సాలెగూటి దారాలతో కుట్టి, బయట, చెట్ల బెరడు మీద పెరిగే బూజురంగు లైకెన్ ముక్కలు అతికించిన గిన్నె. లోపల ఆడపిట్ట, పైకి తేలిన ముక్కూ తోకా మాత్రం కనిపిస్తున్నాయి. ఈ పిట్టలు ఇక్కడ డిసెంబరు నుంచే గూళ్లు కడతాయి. చలికాలపు వానలకు పూసే కొండపొదల పూలతో మొదలైన అలవాటు అది. ఊళ్లోని తోటలూ తేనెనీళ్ల బుడ్లూ ఆ అలవాటుకు ఇంకా ఊతమిచ్చాయి. గుడ్లు రెండే. పొదగడానికి రెండు వారాలకు పైన, పిల్లలు ఎగరడానికి మరో మూడు వారాలకు పైన పడుతుంది. మగపక్షి సాయం ఉండదు.

పక్షులనూ వాటి గూళ్లనూ గుడ్లనూ కాపాడడానికి ఈ దేశంలో 1918 నాటి వలస పక్షుల చట్టం ఉంది. చెట్లు నరికేవాళ్లు ఇక్కడ సాధారణంగా ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా గూళ్ల కాలమని లెక్క వేసుకుని, మిగతా నెలల్లో నిశ్చింతగా రంపం తీస్తారు. డిసెంబరులో పొదిగే హమ్మింగ్‌బర్డ్ ఆ లెక్కలో పట్టదు. ఊళ్లో పక్షుల కాలం సాగుతున్న కొద్దీ కాగితం మీది తేదీల మీద ఆధారపడడం ప్రమాదం. రంపం తీసేముందు తలెత్తి కొమ్మ చూడడానికి ఎవరికీ నిమిషం కూడా పట్టదు. మన ఊళ్లలో విద్యుత్తు తీగలకు అడ్డమని ఎండాకాలంలో కొమ్మలు కొట్టించే రోజుల్లోనే కాకి గూళ్లు నిండుగా ఉంటాయి. అక్కడా ఇదే పని చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చెల్లెలు సంఘానికి ఫోను చేసి, గూటి ఫొటో పంపింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. మిగతా చెట్ల కొమ్మలు గూళ్లున్నాయేమో చూసి కొడతారు, ఆ ఒక్క చెట్టు ఏప్రిల్ నెలాఖరు దాకా ముట్టుకోరు. మేనకోడలు ఎర్ర రిబ్బను తెచ్చి మానుకు కట్టి, కాగితం మీద పెద్ద అక్షరాలతో “గూడు ఉంది” అని ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ రాసి అంటించింది. విమానాశ్రయానికి వెళ్లే దారిలో నాకు ఫోనులో ఒక పట్టిక చూపించింది: తారీకు, చెట్టు, పిట్ట, గుడ్లా పిల్లలా. మొదటి వరసలో వరండా తొట్టి, రెండో వరసలో ఈ చెట్టు. మూడో వరసకు నేలపట్టు అని పేరు పెట్టి, “అక్కడివి మీరు పంపాలి, మామయ్యా” అంది.